ఏ ఊరి వంట? న్యూయార్క్‌లో అసలు చైనా భోజనం వెతికే పద్ధతి

మంచూరియా అనే చోటు నిజంగానే ఉంది. చైనాకి ఈశాన్య మూల, రష్యా, ఉత్తర కొరియా సరిహద్దుల దగ్గర. అక్కడి హార్బిన్ నగరంలో ఎవరినైనా గోబీ మంచూరియా అడిగితే తెల్లమొహం వేస్తారు. మంచూరియన్ వంటకం 1970ల్లో ముంబైలో పుట్టింది. కోల్‌కతా నుంచి వచ్చిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ మొదలుపెట్టిన చికెన్ వంటకం దానికి మూలం. మంచూరియా వాళ్లు ఇంట్లో తినే తిండి కావాలంటే మాత్రం హార్బిన్ దాకా పోనక్కర్లేదు. న్యూయార్క్‌లో 7వ నంబరు రైలెక్కి ఆఖరి స్టేషన్ ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్‌లో దిగితే చాలు. అక్కడి గణేశుడి గుడికి, గుడి క్యాంటీన్ దోసెకి ఎన్నోసార్లు వెళ్లొచ్చిన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. ఆ గుడి నుంచి నడిచిపోయేంత దూరంలోనే ఆ వంటలూ ఉన్నాయి.

అయితే ఆ వీధిలో ఏదో ఒక తలుపు తోసుకుని లోపలికి పోతే సరిపోదు. 'ఇక్కడ అసలైన చైనీస్ దొరుకుతుందా' అన్న ప్రశ్నలోనే తిరకాసు ఉంది. ఎవరైనా విదేశీయుడు వచ్చి 'అసలైన ఇండియన్ ఫుడ్ ఎక్కడ' అని అడిగితే మనం ఏం చెబుతాం? గుంటూరుదా, లక్నోదా, కోజికోడ్‌దా అని ఎదురు అడుగుతాం. చైనా విషయంలోనూ అడగాల్సింది అదే: ఏ రాష్ట్రం, ఏ ఊరు, వండేది ఎవరు, తినేది ఎవరు? ఈ నాలుగూ తేలితే 'అసలైనదా' అన్న ప్రశ్న దానంతటదే సర్దుకుంటుంది.

ఎవరు ఎప్పుడు వచ్చారు

అమెరికాలో తొలితరం చైనావాళ్లలో ఎక్కువమంది దక్షిణాన గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రంలోని టైషాన్ చుట్టుపక్కల పల్లెల వాళ్లు. 1882లో వచ్చిన చట్టం చైనా కూలీల రాకను ఆపేసింది. 1943లో దాన్ని రద్దు చేసినా, తలుపులు నిజంగా తెరుచుకున్నది 1965 వలస చట్టం తర్వాతే. అప్పటిదాకా అమెరికాకి 'చైనీస్' అంటే ఆ ఒక్క ప్రాంతపు వంటే, అదీ స్థానికుల నాలుకకి తగ్గట్టు మార్చినది.

1970ల్లో 'హునాన్', 'సెజువాన్' అనే చైనా రాష్ట్రాల పేర్లతో బోర్డులు పుట్టుకొచ్చాయి. ఆ వంటవాళ్లలో చాలామంది తైవాన్ మీదుగా వచ్చినవాళ్లు. 1949లో జాతీయవాద ప్రభుత్వం తైవాన్‌కి తరలిపోయినప్పుడు పెద్ద వంటవాళ్లు కూడా దాని వెంట వెళ్లారు. హునాన్‌లో పుట్టిన పెంగ్ చాంగ్‌క్వెయ్ తైవాన్‌లో ఉండగా తయారుచేసిందే జనరల్ త్సో చికెన్. 1973లో ఆయన న్యూయార్క్‌లో హోటల్ తెరిచారు. ఈ నగరంలో ఆ వంటకం తీపెక్కింది. హునాన్‌లో పుట్టి పెరిగినవాళ్లకి అది తమ ఊరి వంటలా అనిపించదు.

1980ల నుంచి ఫూజియన్ రాష్ట్రంలోని ఫూజౌ ప్రాంతం వాళ్లు పెద్ద ఎత్తున వచ్చి మన్‌హాటన్‌లో ఈస్ట్ బ్రాడ్‌వే చుట్టూ, తర్వాత బ్రూక్లిన్‌లో సన్‌సెట్ పార్క్ ఎనిమిదో అవెన్యూ చుట్టూ స్థిరపడ్డారు. అమెరికా చిన్న పట్టణాల్లో పార్సిల్ చైనీస్ కొట్లు నడిపేవాళ్లలో వీళ్ల వాటా పెద్దది. అంటే బోర్డు మీద 'హునాన్' అని ఉంటుంది, వండేది ఫూజౌ మనిషి, అమ్మేది అమెరికా వంట. అదే మనిషి తన ఊరివాళ్ల కోసం ఈస్ట్ బ్రాడ్‌వేలో కొట్టు పెడితే అక్కడ దొరికేవి వేరు: లోపల పందిమాంసం కూరిన చేప ఉండలు, వేరుశనగ ముద్ద కలిపిన నూడుల్స్, ఎర్ర బియ్యపు సారా మడ్డితో వండిన మాంసం. బయటివాళ్లు పెద్దగా పట్టించుకోని వంట ఇది. అందుకే మారకుండా మిగిలింది.

ఫ్లషింగ్ కథ వేరు. మన్‌హాటన్ పాత చైనాటౌన్ కాంటనీస్, అంటే గ్వాంగ్‌డోంగ్ భాష మాట్లాడేవాళ్లది. మాండరిన్ మాట్లాడే తైవాన్ వాళ్లు 1970ల్లో క్వీన్స్ వైపు వచ్చారు. తర్వాత చైనా ఉత్తర, ఈశాన్య, పశ్చిమ రాష్ట్రాల వాళ్లు చేరారు. నగరంలో ప్రాంతీయ వైవిధ్యం ఎక్కువగా ఇక్కడే కనబడడానికి కారణం ఇదే. 2005లో గోల్డెన్ షాపింగ్ మాల్ సెల్లారులో చిన్న కొట్టుగా మొదలైన షీఆన్ ఫేమస్ ఫుడ్స్ ఇప్పుడు నగరమంతా ఉంది.

బోర్డు, మెనూ ఏం చెబుతాయి

మొదట స్పెల్లింగ్ చూడాలి. ఇంగ్లిష్‌లో 'ఎస్-జెడ్' తో మొదలయ్యే 'సెజువాన్' పాత పద్ధతి. ఆ బోర్డు ఉన్న చోట 1970ల అమెరికన్ మెనూ ఉండే అవకాశం ఎక్కువ. 'ఎస్-ఐ' తో మొదలయ్యే 'సిచువాన్' చైనా ప్రభుత్వం 1958లో తెచ్చిన పిన్‌యిన్ పద్ధతి. కొత్తగా వచ్చినవాళ్లు అలాగే రాస్తారు. మన బండి మీది 'షెజ్వాన్' ఈ రెండింటికీ చెందదు, దాని లోకమే వేరు. ఇది కేవలం ఒక ఆనవాలు. పాత పేరు మార్చకుండా వంటవాణ్ణి మార్చిన చోట్లూ ఉంటాయి.

చైనా అక్షరాల్లో మూడు నాలుగు గుర్తుపడితే చాలా పని జరుగుతుంది. పక్కపక్కన మూడు నిలువు గీతలు, ఎడమ గీత కాస్త వంగి ఉంటే అది 'చువాన్', అంటే సిచువాన్ వంట. పైన రెండు కొమ్ములు, కింద మూడు అడ్డగీతలు, వాటిని చీల్చే ఒక నిలువు గీత ఉంటే 'యాంగ్', గొర్రె లేదా మేక. రెండు అడ్డగీతలు, ఒక నిలువు గీత, ఎడమవైపు పైన చిన్న కొమ్ము ఒక్కటే ఉంటే 'నియు', గొడ్డుమాంసం.

మెనూ పొడవు కూడా మాట్లాడుతుంది. రెండు వందల ఐటమ్స్, అందులో సుషీ, థాయ్ కర్రీ, జనరల్ త్సో అన్నీ ఉంటే ఆ వంటింట్లో ఏదీ ప్రత్యేకంగా ఉండదు. ఒకే రాష్ట్రపు వంటలు నలభై ఉండి, వాటిలో పదింటికి ఇంగ్లిష్ పేర్లు వింతగా ఉంటే ఆగి చూడాలి. 'నోరూరించే కోడి' అనాల్సింది 'లాలాజలం కోడి' అని, 'చెట్టెక్కే చీమలు' అని, 'భార్యాభర్తల ఊపిరితిత్తుల ముక్కలు' అని ఉంటాయి. ఇవి తప్పులు కావు, సిచువాన్ వంటకాల పేర్లకి మాటకి మాట అనువాదాలు. రెండోది సన్నటి గాజు నూడుల్స్‌కి అంటుకున్న మాంసం ఖైమా. మూడోది గొడ్డుమాంసం, బోటి ముక్కలు మిరప నూనెలో వేసిన చల్లటి వంటకం.

'లోపల చైనావాళ్లు తింటుంటే మంచి హోటల్' అనే సూత్రం సగమే పనికొస్తుంది. ఏ చైనావాళ్లు? కాంటనీస్ కుటుంబాలతో నిండిన చోట సిచువాన్ వాళ్ల మాపో తోఫు అడగడం, నెల్లూరు మెస్‌లో ఛోలే భటూరే అడిగినట్టే. మనుషుల కంటే బల్లల మీద ఏముందో చూడాలి. నాలుగు బల్లల్లో మూడింటి మీద ఒకే గిన్నె కనబడితే దానికి వేలు చూపించి ఆర్డర్ చేయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

స్టార్ రేటింగులు చాలాసార్లు సర్వీసు మీద కోపాన్నే కొలుస్తాయి. నీళ్లు అడిగినా తేలేదు, బిల్లు విసిరేశారు లాంటి ఫిర్యాదులతో మూడున్నరకి పడిపోయిన చోట వంట బాగుండవచ్చు. రేటింగు వదిలేసి జనం పెట్టిన ఫొటోలు చూడాలి. రాష్ట్రం పేరు ఇంగ్లిష్‌లో కాకుండా, అనువాద యాప్ నుంచి చైనా లిపిలో కాపీ చేసి మ్యాప్‌లో వెతికితే వేరే జాబితా వస్తుంది. చైనా విద్యార్థులు వాడే షియావ్‌హాంగ్‌షు యాప్‌లో ఈ వారం ఏ వంటవాడు ఎక్కడికి మారాడో కూడా దొరుకుతుంది. అది ముఖ్యం. ఫ్లషింగ్‌లో వంటవాడు వెళ్లిపోతే బోర్డు అలాగే ఉంటుంది, రుచి పోతుంది.

చైనాలో 'ఎనిమిది మహా వంటలు' అనే జాబితా ఒకటి చెబుతారు: షాన్‌డోంగ్, సిచువాన్, గ్వాంగ్‌డోంగ్, జియాంగ్సు, జెజియాంగ్, ఫూజియన్, హునాన్, అన్‌హుయ్. దాన్ని పట్టుకుని ఫ్లషింగ్‌లో తిరిగితే దారి తప్పుతాం. అక్కడ బాగా దొరికే షాన్‌షీ, డోంగ్‌బెయ్ (అదే మంచూరియా), యునాన్, షిన్‌జియాంగ్ వంటలు ఆ జాబితాలోనే లేవు.

పరీక్ష పెట్టే వంటకాలు

ప్రతి ప్రాంతానికీ దొంగతనం దాగని వంటకం ఒకటి ఉంటుంది. సిచువాన్‌కి అది మాపో తోఫు. ఖర్చు తక్కువ, లోపం వెంటనే బయటపడుతుంది.

దీనికి ప్రాణం డోబన్‌జియాంగ్: మిరపకాయలు, చిక్కుడు గింజల్లాంటి బాకలా గింజలు ఉప్పులో నెలల తరబడి పులియబెట్టిన ముద్ద. సిచువాన్ రాజధాని చెంగ్డూ పక్కన పీషియన్‌ది పేరున్నది. 400 గ్రాముల మెత్తటి తోఫుకి రెండు నుంచి రెండున్నర టేబుల్‌స్పూన్లు పడుతుంది. ముందు తోఫు ముక్కల్ని ఉప్పు నీళ్లలో, మరిగీ మరగనట్టున్న వేడిలో కాసేపు ఉంచుతారు. పచ్చివాసన పోతుంది, ముక్క గట్టిపడి విరగదు. ముద్దని సన్నసెగ మీద నూనె ఎర్రబడేదాకా వేయించాలి. మంట పెంచితే మాడి చేదెక్కుతుంది. పలచగా కలిపిన గంజిపిండి నీళ్లు రెండు మూడు విడతల్లో పోయాలి. ఒకేసారి పోస్తే పైకి చిక్కగా కనబడి, అయిదు నిమిషాల్లో తోఫు నీళ్లు వదిలి పళ్లెం అడుగున మడుగు కడుతుంది. చివర్లో వేయించి దంచిన హువాజియావ్ చల్లుతారు.

ఇంగ్లిష్‌లో సిచువాన్ పెప్పర్ అనే ఈ హువాజియావ్ మిరియం కాదు, నిమ్మ కుటుంబపు చెట్టుకాయ తొక్క. గోవా, కొంకణ తీరంలో చేపల పులుసులో వేసే తిర్‌ఫల్ దీనికి దగ్గరి చుట్టం. నాలుక మీద కారం కాదు, తిమ్మిరి పుట్టిస్తుంది. తొక్కలోని శాన్‌షూల్ అనే పదార్థం స్పర్శ నరాల్ని రేపుతుంది, అది సెకనుకి 50 సార్లు కొట్టుకునే కంపనంలా తోస్తుందని లండన్ పరిశోధకులు 2013లో కొలిచారు. నిమ్మ జాతి చెట్లకి పాకే క్యాంకర్ తెగులు భయంతో అమెరికా 1968 నుంచి 2005 దాకా దీని దిగుమతిని నిషేధించింది. అమలు చాలాకాలం పట్టీపట్టనట్టే సాగినా, తర్వాత కొంతకాలం 60 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేసిన సరుకునే అనుమతించారు. ఆ వేడికి వాసన కొంత చచ్చిపోయేది. పాత 'సెజువాన్' హోటళ్లలో కారం ఉండి తిమ్మిరి లేకపోవడానికి ఇదొక కారణం.

కాబట్టి బల్ల మీద మాపో తోఫు పెట్టగానే చూడాల్సినవి: పైన ఎర్రటి నూనె పొర తేలాలి, ఆవిరిలో నిమ్మతొక్క లాంటి వాసన రావాలి, రెండో ముద్దకి పెదవి తిమ్మిరెక్కాలి. గోధుమరంగు జిగురు గ్రేవీ, తీపి, బఠానీలు, క్యారెట్ ముక్కలు కనబడితే వంటిల్లు వేరే ఊరిది. పంటికింద ఇసుకలా కరకరమంటే గింజలు ఏరకుండా దంచారని, చేదు తప్ప తిమ్మిరి లేకపోతే పాత సరుకని అర్థం.

హునాన్ వంట ఇంతకంటే కారం, కానీ సాధారణంగా తిమ్మిరి ఉండదు. తరిగిన ఎర్ర పండుమిరపకాయల్ని ఉప్పులో ఊరబెట్టి చేప తల మీద పరిచి ఆవిరి మీద ఉడికిస్తారు. చింతపండు లేని మన పండుమిరప పచ్చడి అనుకోండి. ఇంగువ తాలింపు కోసం నాలుక వెతుక్కుంటుంది. తెలుగువాళ్లకి మొదటి ముద్దలోనే స్నేహం కుదిరే చైనా వంట ఇదే అనుకోవచ్చు.

షాన్‌షీ రాష్ట్రం, అంటే షీఆన్ నగరం వైపు వంటకి పరీక్ష లియాంగ్‌పి. చూడటానికి చల్లటి వెడల్పు నూడుల్స్, నిజానికి పిండి కడిగిన నీళ్లు. అర కిలో గట్టి గోధుమపిండిని పావు లీటరు నీళ్లతో కలిపి అరగంట నాననిస్తారు. ఆ ముద్దని నీళ్లలో బట్ట ఉతికినట్టు పిసుకుతారు. పాలలాంటి నీళ్లు వేరే గిన్నెలో పోసి, కొత్త నీళ్లతో నాలుగైదు సార్లు ఇదే పని. చివరికి చేతిలో రబ్బరులాంటి గోధుమ జిగురు మిగులుతుంది. పాలనీళ్లు నాలుగు గంటలైనా కదపకుండా ఉంచితే పిండి అడుక్కి దిగుతుంది. పై తేట వంచేసి, మిగిలినదాన్ని నూనె రాసిన వెడల్పు పళ్లెంలో గరిటెడు పోసి, మూతపెట్టి ఆవిరి మీద రెండు మూడు నిమిషాలు. రేకు పైకి పెద్ద బుడగలు లేస్తే అయిందన్నమాట. వెంటనే పళ్లెం అడుగుని చల్లటి నీళ్లలో తేలిస్తే రేకు అంటుకోకుండా ఊడుతుంది. ఆ జిగురు ముద్దని విడిగా ఆవిరి పడితే రంధ్రాలతో స్పాంజిలా పొంగుతుంది, ముక్కలు కోసి పైన వేస్తారు.

తేట పూర్తిగా వంచకపోతే రేకు చిరుగుతుంది. జిగురు సరిగా విడిపోకపోతే రేకు మసకగా, ముద్దగా ఉంటుంది. హోటల్లో చూడాల్సింది ఆ స్పాంజి ముక్కలు ఉన్నాయా లేదా అన్నది. లేకపోతే పిండి కడిగే పని ఆ వంటింట్లో జరగలేదని అనుమానించాలి. పైన వేసేవి నల్ల వెనిగర్, వెల్లుల్లి నీళ్లు, మిరప నూనె, కీరా, మొలకలు. పక్కనే బియాంగ్ బియాంగ్ నూడుల్స్ చెబితే బెల్టులంత వెడల్పు పట్టీల మీద మిరపకారం, వెల్లుల్లి, ఉల్లికాడ పెట్టి పైనుంచి కాగిన నూనె పోస్తారు. ఆ చుయ్‌మనే చప్పుడు మనకి కొత్త కాదు.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. కాంటనీస్ చోట ఆవిరి మీద వండిన చేప అడగాలి. అల్లం, ఉల్లికాడ, సోయా తప్ప దాచడానికి మసాలా ఉండదు కాబట్టి చేప తాజాదనం తెలిసిపోతుంది. డిమ్‌సమ్ అనే చిన్న చిన్న ఫలహారాలు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా తినేది, రాత్రి ఆరింటికి అడిగితే చాలా చోట్ల మిగిలినదే వస్తుంది. షాంఘై చోట షియావ్‌లాంగ్‌బావ్, అంటే లోపల పులుసుండే డంప్లింగ్: ఆ పులుసు, పంది చర్మం ఉడికించి గడ్డకట్టించిన జెల్లీ కరిగితే వచ్చింది. ఎత్తగానే చిరిగితే తొక్క దోషమో, ఆవిరి ఎక్కువైందో.

ఇక్కడ మనవాళ్లు తరచూ పొరబడతారు. కారం లేకపోతే, తీపిగా ఉంటే 'అమెరికా కోసం మార్చేశారు' అనేస్తారు. షాంఘై, దాని దగ్గరి వూషీ వంటల్లో పంచదార పుట్టుకతోనే ఉంది. డోంగ్‌బెయ్ గువోబావ్‌రౌ అనే పుల్లతీపి పందిమాంసాన్ని హార్బిన్‌లో పంచదార, వెనిగర్‌తో చేస్తారు. అదే ఈశాన్యంలో దక్షిణాన ఉన్న లియావ్‌నింగ్ రాష్ట్రంలో దాంట్లో టమాటా కెచప్ వేస్తారు. ఫ్లషింగ్‌లో కెచప్ కనబడిందని మొహం చిట్లించుకునేలోపు యజమానిది ఏ ఊరో అడగడం నయం.

శాకాహారులు, గొడ్డుమాంసం తిననివాళ్లు

'వెజిటబుల్స్' శీర్షిక కింద ఉన్నంత మాత్రాన అది శాకాహారం కాదు. ఎండువేపుడు బీన్స్‌లో పంది ఖైమా చల్లడం మామూలు. 'చేప వాసన వంకాయ'లో చేప ఉండదు, ఖైమా తరచూ ఉంటుంది. మాపో తోఫులో సంప్రదాయంగా వేసేది గొడ్డుమాంసం ఖైమా. మెనూలో ఏ జంతువో చెప్పకుండా ఉత్త 'రౌ' అని ఉంటే పందిమాంసం అని అర్థం. బల్ల మీద మరుగుతుండగా ముంచుకు తినే చోంగ్‌చింగ్ హాట్‌పాట్ ఎర్రపులుసుకి ఆధారం చాలాసార్లు గొడ్డు కొవ్వే. అందులో కూరగాయలే ముంచుకున్నా లాభం లేదు. శాకాహార నూనెతో చేసిన పులుసు ఉందా అని ముందే అడగాలి. ఖైమా తీసేయమంటే తీసేస్తారు కానీ, కోడి సారపు పొడి చేయి అలవాటుగా వేసేస్తుంది.

నోటితో చెప్పడం కంటే రాసి చూపించడం మేలు. చైనా మాటలో స్వరం తప్పితే అర్థం మారుతుంది, పైగా వడ్డించేవాళ్లది ఫూజౌ యాస కావచ్చు. రాత అందరికీ ఒకటే. 'మాంసం, చేప, రొయ్య, మాంసపు పులుసు, కోడి పొడి, జంతువుల కొవ్వు ఏవీ వద్దు. గుడ్డు ఫరవాలేదు' అని విడివిడిగా రాయించి ఫోన్లో ఉంచుకోవాలి. 'వెజిటేరియన్' అన్న ఒక్క మాటతో పని జరగదు.

బౌద్ధ శాకాహార హోటళ్లు ఉన్న చోట ఈ బెంగే లేదు. అవి సంప్రదాయం పాటించేవైతే ఉల్లి, వెల్లుల్లి కూడా వాడవు. కార్తీకమాసంలో ఉల్లి మానేసే ఇళ్లకి ఇది అక్కరకొచ్చే సంగతి. మెనూలో 'బాతు', 'చేప' అని రాసి ఉంటే కంగారు పడక్కర్లేదు, అవి సోయాతో, గోధుమ జిగురుతో చేసినవి. మామూలు చోట్ల నమ్మకంగా అడగదగ్గవి లియాంగ్‌పి, కీరా వెల్లుల్లి సలాడ్, డోంగ్‌బెయ్ హోటల్లో డిసాన్‌షియన్. చివరిది బంగాళాదుంప, వంకాయ, పచ్చ క్యాప్సికం విడివిడిగా నూనెలో వేయించి సోయా, వెల్లుల్లితో కలిపేది. అసలు మంచూరియా వాళ్ల కూర ఇది, అన్నంలోకి బాగుంటుంది.

వెళ్లాక

ఒక్కరే అయితే రూజ్‌వెల్ట్ అవెన్యూ మీదున్న న్యూ వరల్డ్ మాల్ సెల్లారులోని ఫుడ్ కోర్టు మంచి మొదలు. ఒక్కో కొట్టు ఒక్కో ప్రాంతానిది. ముందు ఏమీ కొనకుండా ఒక చుట్టు తిరగాలి. చిన్న కొట్లలో నగదే తీసుకోవచ్చు, చిల్లర ఉంచుకోవాలి. నలుగురైతే హోటల్లో అయిదు గిన్నెలు చెప్పి పంచుకోవాలి: ఒక చల్లటిది, ఒక ఆకుకూర, ఒక తోఫు లేదా గుడ్డు, రెండు ఆ ప్రాంతపు ప్రత్యేకం. అయిదూ కారం చెబితే మూడోదానికి నాలుక మొద్దుబారి మిగతావి వృథా. మెనూలో మొదటి పేజీ వంటవాడికి చేయి తిరిగినది, చివరి పేజీ ఎవరైనా అడిగితే చేసేది. ఎంత కారం అని అడిగితే తెలుగు పౌరుషం పక్కనపెట్టి మొదటిసారికి మధ్యరకం చెప్పాలి. తిమ్మిరి మనకి అలవాటు లేదు.

న్యూజెర్సీలోని ఎడిసన్‌కో జెర్సీ సిటీకో పార్సిల్ తీసుకెళ్లేవాళ్లకి చేతినూడుల్స్ వద్దు, పావుగంటలో ముద్దైపోతాయి. పులుసు బావ్‌లు దారిలోనే చిరుగుతాయి. డంప్లింగ్ కొట్లలో ఉడికించనివి గడ్డకట్టించి సంచుల్లో అమ్ముతారు, ఐస్ పెట్టెలో పెట్టుకుంటే ఇల్లు చేరతాయి. కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్లలో వేయాలి. లియాంగ్‌పిలో మిరప నూనె, వెనిగర్ విడిగా కట్టించుకుని ఆ రాత్రికే తినేయాలి. ఫ్రిజ్‌లో పెడితే పిండి బిగుసుకుని తెల్లారేసరికి రేకులు పుటుక్కున విరుగుతాయి.